మన్నంటని వీపు

పైల్వాన్ చెలువరాజు ఆపరేషన్ బల్ల మీద నుంచి పారిపోయిన సంగతి మైసూరులో సగం మందికి తెలుసు. మిగతా సగం మందికి ఆయన భార్య పుట్టతాయమ్మ స్వయంగా చెప్పింది.

కత్తికి జడిసి పారిపోయాడని అందరూ అనుకున్నారు. అది అన్యాయం. ముక్కు రెండు చోట్ల విరిగి, చెవులు నలిగి వడియాల్లా ముడుచుకుపోయినా మందు కూడా రాసుకోని మనిషి ఆయన. ఎడమ కన్ను వయసులో ఉండగానే ఒక కుస్తీలో ఎదుటివాడి బొటనవేలికి పోయింది. అప్పుడు కూడా పట్టు వదలకుండా, వాణ్ణి పడగొట్టాకే ఆసుపత్రికి వెళ్ళాడు. ఆయన్ని భయపెట్టింది కత్తి కాదు. ఆయన ఒళ్ళే ఆయన్ని భయపెట్టింది, ఆ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారని చెప్పలేదు.

ఆ రోజు బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. కంటి చుట్టూ సూది వేసి, మొహం మీద పచ్చగుడ్డ కప్పి, డాక్టరు నుదుటి మీద చెయ్యి ఆనించాడు. అంతే, తలా మడమలూ బల్లకి తన్నిపట్టి, నడుము విల్లులా పైకి లేచింది. పక్కనున్న కాంపౌండరు గోడకి కొట్టుకున్నాడు. పనిముట్ల పళ్ళెం నేలన పడింది. చెలువరాజుకి ఏం జరిగిందో తెలిసేసరికి వరండాలో వట్టి కాళ్ళతో, పచ్చగౌనుతో నిలబడి ఉన్నాడు. తాను లేవాలనుకున్నట్టు ఆయనకి గుర్తు లేదు.

కుస్తీలో రెండు భుజాలూ నేలకి ఆనితే చిత్తయినట్టే, ఇక లేచినా లాభం లేదు. పాలపళ్ళు ఊడే వయసులో కుస్తీ నేర్పే గరిడీలో చేరినప్పటి నుంచి ఆ ఒంటికి నేర్పిన చదువల్లా వీపు నేలకి తగలకుండా చూసుకోవడమే. కుస్తీ అయ్యాక పెద్దలు పైల్వానుని వెనక్కి తిప్పి వీపు చూసేవారు, గోదాలోని ఎర్రమన్ను అంటిందా లేదా అని. దసరా కుస్తీల్లో చెలువరాజు వీపు జనానికి తిప్పి చూపించినప్పుడు కేకలు చాముండి కొండ దాకా వినబడేవని ఇప్పటికీ చెప్పుకుంటారు. మన్నంటని వీపు అని ఆయనకి పేరు. పెళ్ళయిన నాటి నుంచి ఆయన బోర్లా పడుకోవడం, పక్కకి తిరిగి పడుకోవడం తప్ప వెల్లకిలా పడుకోవడం పుట్టతాయమ్మ చూడలేదు.

ఉన్న ఒక్క కంట్లో శుక్లం బాగా ముదిరిపోయింది. మనుషులు పాలు కలిపిన నీళ్ళలో కదులుతున్నట్టు కనబడుతున్నారు. పూర్తి మత్తు ఇద్దామంటే గుండె తట్టుకోదన్నారు. ఇంకా ఆలస్యమైతే లోపల ఒత్తిడి పెరిగి, ఆ తర్వాత కత్తి పెట్టినా చూపు రాదన్నారు. డాక్టరు మంచివాడు, మరో తేదీ ఇచ్చాడు. కానీ కంట్లో పనిముట్టు ఉండగా ఇలాగే లేస్తే కన్ను దక్కదని, ఈసారి కుదరకపోతే ఇక తనని అడగవద్దని కూడా చెప్పాడు. వెల్లకిలా కదలకుండా పడుకోవడం ఎవరి దగ్గరైనా నేర్చుకుని రమ్మన్నాడు.

పుట్టతాయమ్మ మోకాళ్ళ నొప్పులకి కృష్ణమూర్తిపురంలో భాగీరథి అనే ఆవిడ దగ్గరికి యోగాకి వెళ్తుంది. మేడ మీద పెద్ద హాలు, చాపలు, గోడ వారగా మడత పెట్టిన కంబళ్ళు. భాగీరథికి యాభై దాటాయి, గొంతు ఎప్పుడూ పెంచదు. భర్తని చెయ్యి పట్టుకుని అక్కడికే తీసుకెళ్ళింది. చెలువరాజు మెట్లెక్కుతూనే, ఆడవాళ్ళు చేసే ఈ పని తనకేం లెక్కని గొణిగాడు.

లెక్క ఎలాగూ లేదు. ఆవిడ నోరు తెరవకముందే వంగి అరచేతులు నేలకి ఆనించాడు, తల కింద పెట్టి కాళ్ళు పైకెత్తి స్తంభంలా నిలబడ్డాడు. అక్కడున్న ఆడవాళ్ళు తమ ఆసనాలు మానేసి చూశారు. దిగాక మీసం సవరించుకుని, ఇంకేం చెయ్యాలని అడిగాడు.

"బాగుంది పైల్వాన్ గారూ. ఇప్పుడు వెల్లకిలా పడుకోండి, చాలు," అంది భాగీరథి.

దాన్ని శవాసనం అంటారని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ మాట విని ఆయన మీసం మీద చెయ్యి తీశాడు. మోచేతుల మీద వెనక్కి వాలాడు. ఒక హద్దు దగ్గర మెడ బిగుసుకుంది, ఊపిరి గొంతులో ఆగింది, చెమటలు పట్టాయి. తన గుండె చప్పుడు హాలు మొత్తానికి వినబడుతోందేమో అనిపించింది. లేచి కూర్చుని, గరిడీలో పనుందని చెప్పి, గోడ తడుముకుంటూ మెట్లు దిగిపోయాడు.

మర్నాడు పుట్టతాయమ్మ మళ్ళీ తీసుకొచ్చింది. ఎలా తీసుకొచ్చిందో ఆమెకే తెలుసు. భాగీరథి గోడకి ఆనించి కంబళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆయన్ని దాదాపు కూర్చున్నట్టే వాల్చింది. ఆ రోజుకి అంతే అంది. ఆయనకి పౌరుషం వచ్చింది. జీవితమంతా ఒళ్ళు వంచినవాడికి దిండుకి ఆనుకోవడం నేర్పుతున్నావా అని అడిగాడు.

"మీకు లేవడం వచ్చు, పైల్వాన్ గారూ. అందులో మీ తర్వాతే ఎవరైనా. పడుకోవడం కొత్త. కొత్తవాళ్ళు ఎలా వస్తారో అలా రండి."

కొన్నాళ్ళకి ఒక కంబళి తీసింది. ఇంకొన్నాళ్ళకి ఇంకొకటి. మెడ బిగిసినప్పుడల్లా తీసిన కంబళి మారు మాట్లాడకుండా మళ్ళీ పెట్టేది. ఆ పెట్టడం చెలువరాజుకి చెంపదెబ్బలా ఉండేది. వాలుతున్నప్పుడు ఆయన పళ్ళు బిగించేవాడు, పిడికిళ్ళు బిగించేవాడు. భయాన్ని కూడా ఎదుటి పైల్వాను అనుకుని దాని కాలు దొరకపుచ్చుకుందామని చూసేవాడు. అది దొరికేది కాదు. ఇంటికి వెళ్ళాక అన్నం సయించేది కాదు, రాగిముద్ద సగంలో వదిలి చెయ్యి కడుక్కునేవాడు. తేదీ మాత్రం దగ్గర పడుతూనే ఉంది.

ఓపిక లేనివాళ్ళు చేసే పనే ఆయనా చేశాడు. గరిడీకి వెళ్ళి, తన పెద్ద శిష్యుడు మాదేవుడిని పిలిచి, గోదాలో తనని వెల్లకిలా తోసి భుజాల మీద బలం కొద్దీ అదిమి పట్టమన్నాడు. ఎంత గింజుకున్నా వదలొద్దని ఒట్టు వేయించుకున్నాడు. కంబళ్ళతో నెలలు పట్టే పని ఒక్క పూటలో తేలిపోతుందని ఆయన ఆశ. కుస్తీ పట్టినవాడికి తప్ప ఇంకెవరికీ ఇలాంటి ఆలోచన రాదు. మాదేవుడు కూడా పైల్వానే కాబట్టి అది తప్పని వాడికీ తోచలేదు.

వీపు మన్నుకి తగలకముందే ఒళ్ళు లేచింది. చెలువరాజు తల వెళ్ళి మాదేవుడి మూతికి తగిలింది. ఏదో చప్పుడైంది. కన్ను చికిలించి చూస్తే, పాలనీళ్ళ లాంటి ఆ చూపులో ఎర్రగా ఒక మరక, మన్ను మీద తెల్లగా ఒక చుక్క కనబడ్డాయి. వేలితో తడిమితే పన్ను. మాదేవుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏం కాలేదు గురువుగారూ అంటున్నాడు. చెలువరాజు ఆ పన్నుని గుప్పిట్లో పట్టుకున్నాడు. తన కంటి మీద పనిముట్టు పట్టుకుని వంగిన డాక్టరు చెయ్యి కళ్ళ ముందు కదిలింది. ఈ ఒంటిని తాను ఆపలేడు. కన్ను పోయేది శుక్లం వల్ల కాదు, తన వల్లే.

ఇంటికి వచ్చి, ఆపరేషన్ వద్దు, ఉన్నన్నాళ్ళు ఈ మసక చూపు చాలని చెప్పేశాడు. అది కూడా ఎన్నాళ్ళో ఉండదని ఇద్దరికీ తెలుసు.

"మీకేం, హాయి. నా ముసలి మొహం చూసే బాధ తప్పుతుంది," అంది పుట్టతాయమ్మ. తర్వాత వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా తోమింది. తోముతూ ఏడ్చింది. గిన్నెల చప్పుడులో వినబడదని అనుకుంది గానీ, చూపు తగ్గిన మనిషికి చెవులు పదునెక్కుతాయి, ఆయనకి అంతా వినబడింది.

నాలుగైదు రోజులు హాలుకి రాకపోయేసరికి భాగీరథే ఇంటికి వచ్చింది. కాఫీ తాగింది. పన్ను సంగతి పుట్టతాయమ్మ అప్పటికే పూసగుచ్చినట్టు చెప్పేసింది. చెలువరాజు తిట్లకి సిద్ధపడి కూర్చున్నాడు. ఆవిడ తిట్టలేదు. గరిడీలో కొత్తగా చేరినవాడికి మొదట ఏం నేర్పుతారని అడిగింది.

ఏమీ నేర్పమన్నాడు ఆయన. పార చేతికిచ్చి మన్ను తిరగెయ్యమంటామన్నాడు. మన్నులో నూనె, పసుపు, మజ్జిగ కలిపి, గడ్డలు చిదిపి, మళ్ళీ తిరగెయ్యాలి. పట్లు నేర్పమని తొందరపడేవాడికి పట్టుకి బదులు వీపు మీద ఒకటి పడుతుంది. ఈ మాటలు చెప్తున్నప్పుడు ఆయన గొంతులో చాలా రోజుల తర్వాత కాస్త జీవం వచ్చింది.

"ఎందుకట్లా?"

"మన్ను తెలియాలి గదమ్మా. ఎక్కడ మెత్తనో, ఎక్కడ గట్టో కాళ్ళకి తెలియాలి. తెలియని మన్ను మీద పడితే ఎముక విరుగుద్ది. తెలిసినాక పడ్డా ఏం గాదు, మన్నే పట్టుకుంటది."

"మరి మీ వీపుకి మన్ను తెలుసా పైల్వాన్ గారూ?"

చెలువరాజు తన ఒళ్ళంతా ఒకసారి తలుచుకున్నాడు. కాళ్ళకి తెలుసు, చేతులకి తెలుసు, రోజూ మన్ను బొట్టు పెట్టుకునే నుదుటికి తెలుసు. వీపుకి తెలియకపోవడమే తన పేరు. దాన్ని ఇన్నేళ్ళూ కిరీటంలా మోశాడు. ఇప్పుడు అదే ఆయన కన్ను తీసుకోబోతోంది.

"భయం లేకుండా పడుకోమని నేనెప్పుడూ అనలేదు," అంది భాగీరథి లేస్తూ. "భయపడుతూనే పడుకోండి. లేచిపోతే లేవండి. మళ్ళీ పడుకోండి. గెలవాలని చూడకండి, అక్కడ మీతో ఎవరూ పోట్లాడటం లేదు."

మర్నాడు పొద్దున కుర్రాళ్ళ సాధన అయిపోయి గరిడీ ఖాళీ అయ్యాక చెలువరాజు ఒక్కడే లోపలికి వెళ్ళాడు. ఆంజనేయుడికి దణ్ణం పెట్టుకుని, మూల తడిమి పార తీశాడు. మన్ను తిరగెయ్యడం మొదలుపెట్టాడు. తన చేతులతో మన్ను తిరగేసి ఎన్నేళ్ళయిందో, గురువయ్యాక ఆ పని కుర్రాళ్ళదే కదా. గోదా అంతా తిరగేసి, గడ్డలు చిదిపి, అరచేత్తో సాపు చేసి, పార పక్కన పెట్టి, నడి గోదాలో కూర్చున్నాడు. అప్పుడు వచ్చింది భయం.

దసరా గోదాలో తనకంటే రెట్టింపు ఉన్నవాడు ఎదురుగా తొడ చరిచినప్పుడు కూడా ఆయన ఇంత భయపడలేదు. ఎవరైనా చూస్తే ఏమవుతుందనే భయం. గోడ మీదున్న తన గురువు పటం చూస్తుందేమోనని భయం. ఈ ఒళ్ళు ఇంకెప్పటికీ తన మాట వినదేమోనని అన్నిటికంటే పెద్ద భయం. మోచేతుల మీద వాలాడు. మెడ బిగిసింది. ఒళ్ళు విల్లులా లేచి, పక్కకి దొర్లి బోర్లా పడింది. లేచి కూర్చుని మళ్ళీ వాలాడు. మళ్ళీ లేచింది. ఎన్నిసార్లయిందో ఆయనే లెక్క పెట్టలేదు. ఒక్కోసారి ఏడుపు వచ్చింది. ఈసారి మాత్రం పళ్ళు బిగించలేదు. కొత్తగా చేరినవాడు పార పట్టినట్టు, రాదని తెలిసే చేశాడు, రాకపోతే మళ్ళీ చేశాడు.

ఒకసారి ఒళ్ళు లేవడం ఆలస్యమైంది. ఆ సందులో వీపుకి చల్లగా ఏదో తగిలింది. ముందు కుడి భుజం, తర్వాత ఎడమది. మెత్తగా ఉంది. పసుపు వాసన, మాగిన నూనె వాసన. గుండె దడదడలాడుతూనే ఉంది, చెమట కారుతూనే ఉంది, భయం రవ్వంత కూడా తగ్గలేదు. అయినా వీపు కిందికి దిగింది. మన్ను దాన్ని పట్టుకుంది. తన శిష్యులందరికీ చెప్పిన మాట నిజమని చెలువరాజుకి ఆ రోజు తెలిసింది.

తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి లేచాడు. మాదేవుడు, వాచిన మూతితో, దీపంలో నూనె పొయ్యడానికి వచ్చాడు. వాడి చూపు గురువుగారి వీపు మీద పడింది. కుస్తీ పట్టేవాళ్ళలో ఒక మర్యాద ఉంది, గెలిచినవాడు ఓడినవాడి వీపు దులుపుతాడు. మాదేవుడు అటూ ఇటూ చూశాడు, గెలిచినవాడెవరూ కనబడలేదు. తానే చెయ్యి చాచాడు.

"ఉండనీరా," అన్నాడు చెలువరాజు.

చొక్కా భుజాన వేసుకుని, ఆ వీపుతోనే వీధిలోకి వచ్చాడు.  దాచిపెడితే ఒళ్ళు మళ్ళీ పాత పాటే పాడుతుందని అనిపించి ఉంటుంది. దారి పొడవునా మాటలు ఆగిపోవడం ఆయనకి వినబడింది. పూలు కట్టే ఆవిడ దగ్గర ఆగిపోయాయి, మంగలి కొట్టు దగ్గర ఆగిపోయాయి. కాఫీ కొట్టు దగ్గర ఒక ముసలాయన బెంచీ మీద నుంచి లేచాడు, ఒకప్పుడు ఈయన కుస్తీలకి పనులు మానుకుని వచ్చినవాడు. 

"ఎవడు పైల్వాన్, ఎవడు పడగొట్టాడు నిన్ను?"

"ఎవడూ పడగొట్టలా. నేనే పడుకున్నా," అన్నాడు చెలువరాజు. నవ్వుదామనుకున్నాడు గానీ పెదవులు సాయం చెయ్యలేదు. అలాగే ఇంటిదాకా నడిచాడు. పుట్టతాయమ్మ గడపలో ఆ వీపు చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆమె నోట మాట రాకపోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

అక్కణ్ణుంచి అంతా సాఫీగా సాగిందని చెప్పాలని ఉంది కానీ సాగలేదు. పొద్దున గోదాలో, సాయంత్రం భాగీరథి హాలులో పడుకునేవాడు. కొన్ని రోజులు వీపు నిలిచేది, కొన్ని రోజులు నిలిచేది కాదు. మొహం మీద తడి గుడ్డ కప్పడం మొదలుపెట్టాక పని మళ్ళీ మొదటికొచ్చింది. ఊపిరి లోపలికి తీసుకోవడం గురించి పట్టించుకోవద్దని, బయటికి వదిలేది మాత్రం పొడుగ్గా, మెల్లగా వదలమని భాగీరథి చెప్పింది. ఆపరేషన్ ముందు రోజు కూడా ఆయన గుడ్డ విసిరికొట్టి లేచి కూర్చున్నాడు. అందరూ చూశారు. ఆవిడ గుడ్డ తీసి, మడిచి, రేపు కూడా కొత్తగానే వెళ్ళండి అని మాత్రం అంది.

బల్ల ఎక్కినప్పుడు పోయినసారి గోడకి కొట్టుకున్న కాంపౌండరు రెండడుగులు దూరంగా నిలబడ్డాడు. వాడి మీద చెలువరాజుకి కోపం రాలేదు, వాడి భయమూ తన భయమూ ఒకటే. సూది వేశారు. పచ్చగుడ్డ కప్పారు. కంటి మీద నీళ్ళు పడ్డాయి, పైన ఎక్కడో పెద్ద వెలుగు. నుదుటి మీద డాక్టరు చెయ్యి ఆనింది.

మెడ బిగుసుకుంది. మడమలు బల్లని తన్నిపట్టాయి. నడుము కింద బలం పొంగుకొస్తోంది, అది ఆయనకి బాగా తెలిసిన బలం, ఆయన్ని దసరా గోదాల్లో గెలిపించిన బలం. దాన్ని పట్టుకుని ఆపాలని చూస్తే అది గెలుస్తుంది. కదలకండి అంటున్నాడు డాక్టరు, పనిముట్టు అప్పటికే కంట్లో ఉంది. చెలువరాజుకి ఏడుపు వచ్చేంత భయం వేసింది. భయపడ్డాడు. భయపడుతూనే వీపుతో మన్ను వెతికాడు. అక్కడ మన్ను లేదు, చల్లటి రబ్బరు గుడ్డ ఉంది. సరే, ఇదీ తెలియని మన్నే, తెలుసుకుంటే పోయె అనుకున్నాడు. ఊపిరి పొడుగ్గా వదిలాడు. కుడి భుజం ఆనింది. ఇంకొకటి వదిలాడు. ఎడమ భుజం ఆనింది. మడమలు వాటంతట అవే జారి, పాదాలు పక్కలకి వాలిపోయాయి.

అయిపోయింది, కన్ను దక్కింది, రేపు కట్టు విప్పుదాం అని డాక్టరు చెప్పినప్పుడు ఆయన వెంటనే లేవలేదు. లేవొచ్చని మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

పక్కకి తిరగొద్దు, బోర్లా అసలే పడుకోవద్దని చెప్పి పంపించారు. మధ్యాహ్నం ఇంట్లో మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. కంటికి కట్టు, ఒంటి మీద పలచటి దుప్పటి, చేతులు పక్కన. భయం ఇక్కడ కూడా వస్తుందేమోనని కాసేపు చూశాడు. చూస్తూ చూస్తూ నిద్రపోయాడు.

మెలకువ వచ్చేసరికి ముక్కు కింద ఏదో తగులుతోంది. కొత్తిమీర వాసన వేసింది, తడిగా ఉంది. పుట్టతాయమ్మ వేలు. భర్తని వెల్లకిలా ఎన్నడూ చూడని మనిషి, వంట మధ్యలో గదిలోకి తొంగిచూసి, ఆ పడుకున్న తీరు చూసి పరుగెత్తుకొచ్చి ఊపిరి ఉందో లేదో చూస్తోంది. వేలు గజగజ వణుకుతోంది, తన గుండె ఆ బల్ల మీద కొట్టుకున్నట్టే. ఇన్నాళ్ళూ తన కంటి కోసం ఆమె ఎంత భయపడిందో ఆయనకి అప్పుడు తెలిసింది.

"తాయీ, చిత్తయ్యాను గానీ చావలేదులే," అన్నాడు.

 ఆమె వేలు తియ్యలేదు. ఆ మాటని నమ్మడానికి ఆమెకి ఇంకాస్త టైం కావాలని ఆయనకి అర్థమైంది. కదలకుండా అలాగే పడుకుని, ఆమె వేలి మీదికి పొడుగ్గా, మెల్లగా ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి అయ్యాక మళ్ళీ వదిలాడు.